నడిమి బేరింగు కూత

ఆ సాయంత్రం మా పెద్దమ్మ ఎసట్లో పిండి పోయలేదు.

లారీ వచ్చి ఇంటి ముందు ఆగింది. ఒక పక్క నుంచి పెదనాయన దిగాడు, రెండో పక్క నుంచి నేను దిగాను. పెద్దమ్మ పొయ్యి ముందు మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. కుండలో నూకలు ఉడికి ఎసరు అంచుల మీదికి పొంగుతోంది. రాగిపిండి చాటలో అట్లాగే ఉంది. సంగటి కట్టె గోడకు ఆనించి ఉంది. పెదనాయన గొంతు సవరించుకున్నాడు. అప్పుడు ఆమె తిరిగింది. మమ్మల్ని చూసింది, మా వెనక నిలబడిన లారీని చూసింది, మళ్ళీ మమ్మల్ని చూసింది.

"కూత వినపడలేదే," అంది.

ఇంజను చప్పుడు ఆమెకు వినపడక కాదు. మా ఇల్లు చిత్తూరు నుంచి పలమనేరు పోయే రోడ్డు పక్కనే ఉండేది. మొగిలి ఘాటు ఎక్కబోయే బండ్లు ఇంజనుకు నీళ్ళు పోసుకోవడానికి మా బావి దగ్గర ఆగేవి. ఆగిన ప్రతి బండినీ తిరిగి చూస్తే ఆమెకు వంట సాగదు. ఆమె చెవి పెట్టింది ఒక్క బండి కోసం. ఆ బండికి ఉన్న ఒక్క కూత కోసం. ఆ కూతను ఆ రోజు మధ్యాహ్నం చిత్తూరులో ఒక షెడ్డులో మేము ఊడదీసి, గోనెపట్టాలో చుట్టి, సీటు కింద పెట్టుకుని వచ్చాము.

మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నన్ను పెంచింది మా పెద్దమ్మ. ఆమెకు ఒక్కడే కొడుకు. నాకు అన్న వరస, వయసులోనూ నాకంటే పెద్ద. మేమిద్దరం ఒకే తట్టలో తిని పెరిగాము. నాకు చదువు అంటింది, ఆయనకు బండి అంటింది. యుద్ధానికి ముందు పెదనాయన ఎవరి దగ్గరో పాత చిన్న లారీ ఒకటి కొన్నాడు. పలమనేరు వైపు నుంచి ఉర్లగడ్డలు, కూరగాయలు, మా చుట్టుపక్కల గానుగల నుంచి బెల్లం, అన్నీ చిత్తూరు సంతకు తోలేవాళ్ళు. తోలేది అన్న. పక్కన కూర్చుని వచ్చేది పెదనాయన. నేను చిత్తూరులో గది తీసుకుని, మద్రాసు నుంచి వెలువడే ఒక దినపత్రికకు వార్తలు రాయడం మొదలుపెట్టాక, శనివారం సాయంత్రం ఆ లారీ ఎక్కే ఇంటికి వచ్చేవాణ్ణి.

ఆ లారీకి మేము కొన్ననాటి నుంచే ఒక కూత ఉండేది. ఇంజను తిరుగుడును వెనక చక్రాలకు అందించే పొడుగాటి ఇనుప కడ్డీని డ్రైవర్లు షాఫ్టు అంటారు. మా లారీకి అది రెండు ముక్కలు. ఆ రెండూ కలిసే చోట, బండి నడిమి భాగంలో, అది కిందికి వేలాడకుండా పట్టుకునే ఇనుప కొక్కెం లాంటిది ఒకటి, దాని లోపల ఒక బేరింగు, బేరింగు చుట్టూ అదురు తగలకుండా రబ్బరు. దాన్ని మావాళ్ళు నడిమి బేరింగు అనేవాళ్ళు. ఆ రబ్బరు ఎప్పుడో అరిగిపోయింది. బేరింగు వదులైంది. బండి ఒక వేగం అందుకోగానే బండి అడుగు నుంచి సన్నటి కూత మొదలయ్యేది. మూతి సన్నగా ఉండే కుండలో గాలి ఊదితే వస్తుందే, ఆ తీరు. చదునులో మంద్రంగా ఉండేది. ఘాటు దిగుతూ అన్న పెడలు మీద నుంచి కాలు తీస్తే గొంతు పెరిగేది. చలికాలం సాయంత్రాల్లో మామిడితోపు మలుపు నుంచే వినపడేది.

వినపడగానే పెద్దమ్మ ఎసట్లో పిండి పోసేది. బండి వచ్చి ఆగి, వాళ్ళిద్దరూ కాళ్ళు చేతులు కడుక్కుని, పెదనాయన చుట్ట సగం కాల్చే లోపల సంగటి కెలికి ముద్దలు చేసేది. ముందు పోస్తే సంగటి చల్లారి గట్టిపడుతుంది. ఆలస్యంగా పోస్తే ఆకలితో ఉన్నవాళ్ళు కాచుకోవాలి. కూత ఉన్నందువల్ల ఆమెకు ఆ లెక్క ఏనాడూ తప్పలేదు. ఆ ఇంట్లో గడియారం లేదు, దాని అవసరమూ రాలేదు.

యుద్ధం వచ్చాక పెట్రోలు కరువైంది. బండి ఎక్కువ రోజులు ఇంటి ముందే నిలబడేది. ఊరికే కూర్చోవడం మా అన్నకు చేతనయ్యేది కాదు. డ్రైవర్లను మిలిటరీలోకి తీసుకుంటున్నారని తెలిసి చిత్తూరు పోయి పేరు ఇచ్చి వచ్చాడు. పెద్దమ్మకు చెప్పింది మాత్రం బట్టలు మూటకట్టుకునే ముందు రోజు. ఆ రోజు ఆమె కూర చేయలేదు. రోట్లో నూరిన ఊరిబిండితో సంగటి తిన్నాము.

ఆయన్ను రైలు ఎక్కించడానికి మేమందరం ఆ లారీలోనే రేణిగుంట పోయాము. బండి తోలింది ఆయనే. స్టేషన్ ముందు ఆపి దిగినవాడు దిగినట్టే బండి కిందికి దూరాడు. చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర ముందే తెచ్చి పెట్టుకున్న తోలుముక్కను ఆ బేరింగు చుట్టూ ఇరికిస్తున్నాడు. రైలు వేళవుతోందని పెదనాయన అరుస్తున్నాడు. పెద్దమ్మ సద్దిమూట చేత్తో పట్టుకుని, బండి కింద నుంచి బయటికి వచ్చిన కొడుకు కాళ్ళ దగ్గర నిలబడింది. ఆ రోజును తలుచుకుంటే నాకు ఆయన ముఖం అంత బాగా కనపడదు. కాళ్ళే కనపడతాయి. మడమల మీద ఎర్రమట్టి, ఒక కాలి బొటనవేలికి దెబ్బ తగిలి నల్లబడిన గోరు.

బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ తండ్రితో చెప్పాడు.

"దీని జోలికి ఎవురూ పోవద్దు నాయనా. ఆడా ఈడా ఇచ్చి చెడగొట్టుకోవద్దు. నేనొచ్చి మారుస్తా."

అమ్మతో ఇంకోమాట చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు.

"యాడున్నా ఈ కూత వినపడితే సాలు మా, మన బండని ఉరికొస్తా."

సింగపూరు నుంచి ఒక కార్డు వచ్చింది. బాగున్నానని, ఉక్కగా ఉందని, బండ్లు పెద్దవని రాశాడు. తర్వాత సింగపూరు జపాను వాళ్ళ చేతిలో పడింది. ఆ వార్త నేను ముందు మా పత్రిక ద్వారానే తెలుసుకున్నాను. ఇంటికి వెళ్ళి చెప్పవలసి వచ్చింది కూడా నేనే. ఆ తర్వాత కార్డు రాలేదు. కనపడడం లేదని మాత్రం ప్రభుత్వం వాళ్ళు తెలియజేశారు. కనపడడం లేదన్నదాన్ని పెదనాయన ఒక విధంగా తీసుకున్నాడు, పెద్దమ్మ ఇంకో విధంగా తీసుకుంది. వాళ్ళిద్దరూ ఆ సంగతి ఒకరితో ఒకరు మాట్లాడుకోగా నేను వినలేదు.

అప్పటి నుంచి బండిని పెదనాయనే తోలాడు. పెట్రోలు దొరక్క వెనకాల బొగ్గు పొయ్యి బిగించారు. ఆ బొగ్గు గ్యాసుతో ఘాటు ఎక్కాలంటే బండి మనిషి నడకకంటే మెల్లగా పోయేది. పొగకు, మసికి రంగు పోయింది. పాత ఆకుపచ్చ మీద దొరికిన నల్లరంగు పూశారు. ముందు అద్దం పగిలితే రేకు కొట్టారు. మారనిది ఆ కూత ఒక్కటే. అన్న జోలికి పోవద్దన్నాడు కాబట్టి పెదనాయన దాని జోలికి పోలేదు. తోలు అరిగితే ఇంకో తోలుముక్క పెట్టేవాడు, అంతే.

పెద్దమ్మ మాత్రం దాని జోలికి పోయింది. బండి కిందికి దూరలేదు గాని, ప్రతి శుక్రవారం తాను ఇంట్లో వండిన ఆముదం చిన్న గిన్నెలో పోసి పెదనాయన చేతికి ఇచ్చేది. నడిమి బేరింగుకు పోయమనేది. యుద్ధకాలంలో గ్రీజు దొరకదు. దొరికినా అందులో ఏ జంతువు కొవ్వు కలుస్తుందో అని ఆమెకు పట్టింపు. ఆముదమైతే మేలైనది, చల్లనిది. ఆ ఇంట్లో పసిబిడ్డలకు, పశువులకు, తలుపు కీళ్ళకు, దీపానికి, అన్నిటికీ అదే. పెదనాయన బండి కిందికి పోయి పైనున్న చిల్లిలో పోసి వచ్చేవాడు. ఖాళీ గిన్నె చూసి ఆమె అడిగేది, తాగిందా అని. తాగిందని ఆయన చెప్పేవాడు.

ఇంకో పద్ధతి కూడా మొదలైంది. రేణిగుంటకు సరుకు పడినప్పుడల్లా స్టేషన్ ముందు బండిని ఒక చుట్టు తిప్పి రమ్మని చెప్పేది. యుద్ధం ముగిసి, చెరల్లో ఉన్నవాళ్ళు ఒక్కరొక్కరుగా తిరిగి వస్తున్న రోజుల్లో ఇది ఎక్కువైంది. సరుకు తిరుపతిదైనా రేణిగుంట మీదుగా రమ్మనేది. పెదనాయన ఎదురు చెప్పలేదు. నేను పక్కన ఉన్న రోజుల్లో చూశాను. స్టేషన్ ముందు జట్కాలు నిలిచే చోట బండి వేగం అందుకోదు. వేగం లేకపోతే కూత రాదు. అందుకని ఆయన కడప వైపు రోడ్డులో కొంత దూరం పోయి, అక్కడ తిప్పుకుని, వేగంగా స్టేషన్ ముందు నుంచి వచ్చేవాడు. జట్కావాళ్ళు తిట్టేవాళ్ళు. ఆయన తల తిప్పకుండా తోలేవాడు. నేను మాత్రం ప్రతిసారీ స్టేషన్ మెట్ల వైపు చూసేవాణ్ణి.

యుద్ధం అయిపోయిన మరుసటేడు వానలకు ముందు ఆ బేరింగు ఇక లొంగనంది. కూత మధ్యలో గరగర మొదలైంది. కొన్నాళ్ళు కూత, గరగర రెండూ కలిసి వచ్చాయి. ఒకరోజు బెల్లం ఎత్తుకుని ఘాటు దిగుతుంటే షాఫ్టు ఎగిరి బండి అడుగుకు తగలడం పెదనాయన కాళ్ళకు తెలిసింది. ఆ షాఫ్టు నడిమికి ఊడి ముందు కొస రోడ్డులో దిగబడితే బండి దాని మీద గడకర్ర ఊతతో దూకినట్టు ఎగిరి పక్క లోయలో పడుతుంది. అట్లా పడిన బండిని ఆయన ఆ ఘాటులోనే చూశాడు. ఆయన ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఆ శనివారం నన్ను ఎక్కించుకునేటప్పుడు మాత్రం చొక్కా జేబులో నుంచి ఒక తీగచుట్టు తీసి చేతిలో పెట్టాడు. బండి కిందికి దూరి షాఫ్టు చుట్టూ తీగను బిగించి, మెలిపెట్టి, తీసిన కొలత. చూడడానికి గాజుల కొలత మాదిరి ఉంది.

"మద్రాసుకు పోతావు గదా. మిలిటరీ బండ్లు పగలగొట్టి అమ్ముతా ఉండారంట. ఈ సైజుది దొరికితే తీసుకోని రా. మీ పెద్దమ్మకు చెప్పొద్దు."

మిరపనారు తెమ్మన్నట్టే చెప్పాడు.

పత్రిక పని మీద మద్రాసు పోయినప్పుడు ఆ అంగడి వెదికి పట్టుకున్నాను. యుద్ధం సరుకు వేలంలో పాడుకున్నవాళ్ళు పెద్ద దొడ్లలో లారీలను విడగొట్టి, ఏ భాగానికి ఆ భాగం గుట్టలు పోసి పెట్టారు. చక్రాలు ఒక గుట్ట, తలుపులు ఒక గుట్ట. తలుపుల గుట్ట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక తలుపు మీద ఎవరో మేకుతో ఆడమనిషి బొమ్మ గీశారు. అంగడి ఆయన తమిళుడు. నా తీగచుట్టు చూసి నవ్వి, పెళ్ళికూతురు చెయ్యి కాస్త లావే అన్నాడు. బేరింగుల గుట్టలో చెయ్యి పెట్టి తిప్పి తిప్పి ఒకటి తీసి తీగను లోపల పెట్టి చూశాడు. సరిపోయింది. దాన్ని పాత పత్రికలో చుట్టించుకుని తెచ్చాను.

చిత్తూరులో షెడ్డు పెట్టుకున్న మేస్త్రీ పెదనాయనకు పాత స్నేహితుడు. నోటి దురుసు మనిషి, చెయ్యి మంచిది. బండి చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, కింద గోనెపట్టా పరుచుకుని దూరాడు. తుప్పు పట్టిన బోల్టులకు కిరసనాయిలు పోసి నాననిచ్చాడు. విప్పే ముందు షాఫ్టు రెండు ముక్కలూ కలిసే చోట సుద్దతో గీత గీశాడు. ఎట్లా ఉన్నది అట్లాగే తిరిగి కలపాలి, గీత తప్పితే బండి వణుకుతుందని నాకు చెప్పాడు. తర్వాత కొక్కెం విప్పి, షాఫ్టు దించి, బేరింగును ఇత్తడి కమ్మీతో మెల్లగా తట్టి తట్టి బయటికి తీశాడు.

తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెదనాయన వైపు చూశాడు.

"ఏమిన్నా ఇది, బాలింత ఇంట్లో వాసన వస్తా ఉండాది. బేరింగుకు ఆముదం పోసినారా?"

పెదనాయన కిరసనాయిలు డబ్బా ఆయన వైపు జరిపాడు.

"పసిబిడ్డకు పోసినట్ల పోసినారే. కాగిన ఆముదం బంకయి, దాంట్లో రోడ్డు దుమ్మంతా అంటుకోని, గుండ్లను తిరగట్లో ఏసి ఇసిరినట్ల ఇసిరింది. ఊరికే వదిలేసుంటే ఇంకా రెండేండ్లు వచ్చుండు."

ఆయన కడిగి చూపించాడు. లోపలి ఇనుప గుండ్లకు గుండ్రదనం పోయింది. ఒకటి పగిలి సగమే ఉంది. పెదనాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. వేలితో తిప్పాడు. కొంచెం తిరిగి పట్టుకుంది. ఆ మేస్త్రీ మాటను ఇంట్లో చెప్పకూడదని మేము ఒకరికొకరం చెప్పుకోలేదు. చెప్పుకోవలసిన అవసరం లేకపోయింది.

కొత్త బేరింగును మేస్త్రీ బాండలిలో నూనె పోసి పొయ్యి మీద కాచాడు. కాగితే ఇనుము కొంచెం సాగుతుంది, షాఫ్టు మీదికి సులభంగా ఎక్కుతుంది. పక్క కొట్టాయన వచ్చి ఏం వేయిస్తున్నారని అడిగితే, మిలిటరీ వడ, నోట్లో పండ్లు గట్టిగా ఉంటే కూర్చో అన్నాడు. చుట్టూ పెట్టే రబ్బరు దొరకలేదు. పాత టైరు నుంచి పట్టీ కోసి, చెక్కి, కొక్కెంలో కూర్చోబెట్టాడు. అన్నీ కిరసనాయిలుతో శుభ్రంగా కడిగాడు. కడిగినప్పుడు తాను గీసిన సుద్ద గీతను కూడా కడిగేశాడు. బిగించేటప్పుడు అటు చూసి ఇటు చూసి, గీత యాడబోయె అని నన్నే అడిగాడు. అంచనాగా బిగించాడు. వేలూరు రోడ్డులో తోలి చూస్తే బండి చలిజ్వరం వచ్చినట్టు వణికింది. తిరిగి వచ్చి, మళ్ళీ దించి, కీలును మరో విధంగా కలిపితే సరిపోయింది. అందువల్లనే మాకు పొద్దు వాలింది.

ఇంటి దారిలో బండి అడుగు నుంచి ఏ చప్పుడూ లేదు. ఇంజను ఉంది, చక్రాలు ఉన్నాయి, రేకులు ఉన్నాయి. వీటికి ఇన్ని చప్పుళ్ళు ఉన్నాయని నాకు అంతవరకు తెలియదు. బంగారుపాళ్యం దాటాక పెదనాయన కొంచెం వేగం పెంచాడు. ఇంకొంచెం పెంచాడు. ఎప్పుడూ అంత వేగంగా తోలే మనిషి కాదు. కూత వస్తుందేమో అని చూస్తున్నాడని నాకు అర్థమైంది. మామిడితోపు మలుపు వచ్చింది, పోయింది.

పెద్దమ్మ ఆ తర్వాత పిండి పోసింది. ఉడకనిచ్చి, సంగటి కట్టె తీసుకుని ఎప్పటికంటే ఎక్కువసేపు కెలికింది. ముద్దలు తట్టల్లో పెట్టింది. మేము తింటుంటే తాను తినకుండా గడప మీద కూర్చుంది.

"పాతది యాడ?"

"సీటు కింద ఉండాది," అన్నాడు పెదనాయన.

"పారేసినారేమో అనుకొంటి."

"పారేస్తానా."

ఆమె రోడ్డు వైపు తిరిగింది. తర్వాత ఆమె పెదనాయనను చూడకుండా అంది:

"వాడు రోడ్డు పక్కన నిలబడుకోని ఉంటే మన బండని ఎట్ల తెలుస్తాది వానికి? రంగు మారె. బొగ్గుపొయ్యి వచ్చె, పోయె. వాని నాటిది ఆ కూత ఒగటే మిగిలిండేది."

పెదనాయన చెయ్యి తట్టలోనే ఆగింది.

"ఆ షాఫ్టు ఘాట్లో ఊడిపడుంటే నేనుగూడా వచ్చేవాణ్ణి కాదు మే."

'నేనుగూడా' అన్నది ఆ ఇంట్లో ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. ఆమె విన్నది. ఆయన వైపు తిరిగి చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది. నన్ను అడిగింది.

"కొత్తది యాడ తెచ్చినావు నాయనా?"

మద్రాసులో అని చెప్పాను. యుద్ధానికి వాడిన మిలిటరీ లారీలు విడగొట్టి అమ్ముతున్నారని, అందులోదని చెప్పాను. ఆమె గడప మీద నుంచి లేచి నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"యా లారీది?"

"తెలీదు పెద్దమ్మా."

"యాడ తిరిగిన లారీ?"

"అదీ తెలీదు."

"అడగలేదా?"

"లేదు."

"పేపరుకు రాసేవానివి. దోవన పోయే వాళ్ళనంతా నిలబెట్టి అడుగుతావు. ఇది అడగలేదా."

కోపంగా అనలేదు. ఆశ్చర్యంగా అంది. ఇంకో ముద్ద కావాలా అని అడిగి లేచిపోయింది.

మళ్ళీ మద్రాసు పోయినప్పుడు ఆ దొడ్డికి పోయి అడిగాను. తలుపుల గుట్ట తగ్గింది. బొమ్మ గీసిన తలుపు లేదు. ఆ అంగడి ఆయన నా ప్రశ్న విని మొదట నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి కూర్చోమని పీట వేశాడు. వేలంలో అన్నీ కలిపి వస్తాయని చెప్పాడు. కొన్ని సముద్రం అవతలి నుంచి ఓడల్లో వచ్చినవి, కొన్ని బర్మా సరిహద్దు నుంచి రైల్లో వచ్చినవి, కొన్ని మద్రాసు పొలిమేర దాటనివి. విడగొట్టాక ఏది దేనిదో దేవుడికి కూడా తెలియదన్నాడు. ఎవరి కోసం అని ఆయన అడిగాడు. చెప్పాను. ఆయన ఇంకో బేరింగు తీసి నా చేతిలో పెట్టబోయాడు, ఎందుకో ఆగి మళ్ళీ గుట్టలో వేశాడు.

ఇంటికి వచ్చి పెద్దమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సముద్రం అవతలి నుంచి వచ్చినవి ఉన్నాయని, మద్రాసు దాటనివీ ఉన్నాయని, రెండూ చెప్పాను. ఆమె మొదటిది మాత్రమే తీసుకుంది. ఎట్లా తెలిసిందంటే, ఆ శుక్రవారం నేను ఇంట్లోనే ఉన్నాను. కొత్తది బిగించాక మొదటిసారి ఆమె ఆముదం గిన్నె తెచ్చి ఇచ్చింది. మేస్త్రీ మాట గుర్తుపెట్టుకుని పెదనాయన, ఈ బేరింగు నూనె అడగదు, దీనికి పోయకూడదంట అన్నాడు. ఆమె గిన్నె వెనక్కి తీసుకుంది.

"వాడూ అంతే గదా. తలకు నూనె అంటే తప్పించుకోని పోతాండె," అంది.

అని లోపలికి పోయింది. పెదనాయన నా వైపు చూశాడు. కొంతసేపటికి ఆమె కుంకుమ భరిణె తెచ్చి ఆయన చేతికి ఇచ్చింది. ఆయన భరిణె పట్టుకుని బండి కిందికి పోయాడు. అది మొదలు ప్రతి శుక్రవారం ఆ ఇనుప కొక్కేనికి బొట్టు పడేది. పాత బొట్టు మీద దుమ్ము, దుమ్ము మీద కొత్త బొట్టు. ఆమె ఆ బేరింగు కొడుకు తోలిన లారీదని ఒక్కనాడూ నోరు తెరిచి అనలేదు. కాదని అనే అవకాశం మాకు ఇవ్వలేదు.

సంగటి లెక్క మాత్రం తప్పిపోయింది. ఇంధనమైనా హారనైనా వృథా చేయని పెదనాయన మామిడితోపు మలుపులో రబ్బరు హారను ఒత్తడం మొదలుపెట్టాడు. మొదటిసారి ఒత్తినప్పుడు నేను పక్కనే ఉన్నాను. రోడ్డు మీద మేక కూడా లేదు. నా వైపు చూడకుండా ఒత్తాడు. కాని పెద్దమ్మ ఆ హారనుకు పిండి పోయలేదు. హారను అందరి బండ్లకూ ఉంటుంది గదా అనేది. బండి వచ్చి ఆగి, మనిషి కంట పడ్డాకే పోసేది. అప్పటి నుంచి ఆ ఇంట్లో సంగటి కోసం కాచుకోవడం అలవాటైంది. పెదనాయన చుట్ట పూర్తిగా కాలేది. నేను శనివారం పోతే అరుగు మీద ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. చీకటి పడే వేళ రోడ్డు మీద బండ్లు పోతుంటే మా ఇద్దరి చెవులూ వాటి వెంట పోయేవి. ఆ కూత ఇంకే బండికీ ఉండదని మాకు తెలుసు. అయినా వినేవాళ్ళం. అన్న చిన్నప్పుడు, లారీ ఇంకా మా ఇంటికి రాక ముందు, నోటితో బండి చప్పుళ్ళు చేస్తూ ఆ రోడ్డు మీద పరుగెత్తేవాడు. ఆ చప్పుడును నేను చేయాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను. నాకు రాదు.

రేణిగుంట చుట్టు మాత్రం ఆగలేదు. కూత లేనప్పుడు తిప్పి ఏం లాభమని పెదనాయన ఆమెను అడగలేదు. సరుకు దించాక ఆ వైపు తిప్పేవాడు. కడప రోడ్డులో కొంత దూరం పోవడం మానుకున్నాడు, వేగంతో పని లేదు కాబట్టి. జట్కాల పక్కన మెల్లగా పోయి, స్టేషన్ మెట్ల ముందు ఒక్క నిమిషం ఇంజను ఆపకుండా నిలబడి, వచ్చేసేవాడు. జట్కావాళ్ళు తిట్టడం మానేశారు. వాళ్ళకు ఎవరు చెప్పారో తెలియదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా ఆ లారీ కొంతకాలం తిరిగింది. పెదనాయనకు మోకాళ్ళు పట్టేసి ఘాటులో బ్రేకు తొక్కలేని పరిస్థితి వచ్చాక దాన్ని విడి భాగాలకు ఇచ్చేశారు. ఇచ్చే ముందు ఆయన, బండి కిందికి దూరలేని ఆ స్థితిలోనూ, మేస్త్రీని ఇంటికి పిలిపించి ఆ నడిమి బేరింగును విప్పించి తీసుకున్నాడు. పెద్దమ్మ అడగకుండానే తీయించాడు. అది, ఆముదం తాగిన పాతది, రెండూ ఉట్టి పక్కన గూట్లో చాలా ఏళ్ళు ఉన్నాయి. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఆ రెండూ నా దగ్గర ఉన్నాయి. పాతదాన్ని ఎప్పుడైనా చేతిలోకి తీసుకుంటే ఇంత కాలం తర్వాత కూడా వేళ్ళకు ఆముదం వాసన అంటుతుంది.

కొత్తదాని వెలుపలి అంచు మీద మిలిటరీవాళ్ళు వేసే బాణం గుర్తు, దాని పక్కన కొన్ని అంకెలు ఉన్నాయి. ఒక అంకె అరిగిపోయింది. సైన్యంలో బండ్ల మరమ్మతు చేసి వచ్చిన ఒక పెద్దమనిషికి చూపించాను. అవి బేరింగు సైజును చెప్పే అంకెలే కాని బండిని చెప్పేవి కావన్నాడు. అది ఏ లారీలో తిరిగిందో, ఏ దేశపు రోడ్ల మీద తిరిగిందో ఆ అంకెల నుంచి తెలియదు. మా అన్న కనపడడం లేదని మాకు తెలియజేసిన ప్రభుత్వం వాళ్ళు, ఆ తర్వాత ఆయన గురించి ఇంకే కబురూ పంపలేదు.